నా చేతికి లేవని కంప్యూటరు

జులై 6, శనివారం

పొద్దున్నుంచీ వాన. నర్సరీలో వల పందిళ్ల మీద చప్పుడు ఆగలేదు. మామిడి అంట్ల లోడు బురదలో కదలక గేటు దగ్గరే నిలబడిపోయింది.

పక్క నర్సరీ లోవమ్మ గారు మందుల షాపుకని రాజమండ్రి తీసుకెళ్లారు. తీరా చూస్తే ఒక కల్యాణ మండపంలో ఆరోగ్య శిబిరం. అయస్కాంతాలతో నొప్పులు తగ్గిస్తారట. ముప్పై ఏళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. కాస్త వినోదంగా ఉంటుందని వెనక వరసలో కూర్చున్నాను.

మైకు పట్టుకున్నాయన రక్తంలో ఇనుము ఉంటుందనీ, అయస్కాంతం దాన్ని హుషారు చేస్తుందనీ చెప్పాడు. లేచి నిలబడి అడిగాను, రక్తంలో ఇనుము అయస్కాంతానికి అంటుకునే రూపంలో ఉండదు కదండీ అని. "అమ్మగారు టీచరు గారు అయ్యుంటారు, అందరూ చప్పట్లు కొట్టండి" అన్నాడు. కొట్టారు. మోకాలి నొప్పికి చేతికి కంకణం ఎందుకని రెండో ప్రశ్న వేశాను. "రక్తం ఒళ్లంతా తిరుగుతుంది కదమ్మా" అన్నాడు. అది సమాధానం కాదు.

ఇంటికొచ్చి పద్దు రాస్తూ ఒక ఖర్చు "ఇతరములు" కింద వేశాను. నా పద్దుల్లో ఆ మాట ఇదివరకు లేదు. ఒకసారి కోడలు వాడితే కొట్టేయించాను.

బంగారు గాజుల మధ్య పెడితే అదీ గాజులాగే ఉంది. ఎవరికీ కనిపించదు.

జులై 8, సోమవారం

కంప్యూటరు నిద్ర లేవలేదు.

మొక్కల లెక్కలన్నీ కిందటి నెల నుంచి అందులోనే ఉన్నాయి. పాత లాప్‌టాప్. విండోస్ ఉన్నప్పుడు తెరుచుకోవడానికే కాఫీ చల్లారిపోయేది. మనవరాలు పావని భీమవరంలో ఇంజనీరింగ్ పూర్తి చేసి వస్తూనే దాన్ని పీకేసి లినక్స్ వేసింది. వేసిన నాటి నుంచి బాగానే నడిచింది. వాడనప్పుడు పడుకుంటుంది, బటన్ నొక్కితే లేస్తుంది. ఆ క్రమశిక్షణ నాకు నచ్చింది.

ఇవ్వాళ నొక్కితే లేచింది. పాస్‌వర్డ్ కొట్టి, ఎడమ చెయ్యి అంచున ఆనించి, నందివర్ధనం వరస సగం రాశానో లేదో, తెర నల్లబడింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే. పావనిని పిలిచాను. అది వచ్చి నొక్కింది. బుద్ధిగా లేచి కూర్చుంది. ఎంతసేపు చూసినా పడుకోలేదు.

"ఏం చేశావు మామ్మా?"

"నేనేం చేస్తాను? రాస్తున్నాను."

"గట్టిగా కొట్టావేమో."

నేను జీవితంలో దేన్నీ గట్టిగా కొట్టలేదు. నా దగ్గర చదివిన వాళ్లెవరినైనా అడగమన్నాను. వాళ్లలో ఒకడైన మా అబ్బాయి పక్క గదిలోంచి దగ్గాడు.

జులై 9, మంగళవారం

మళ్లీ పడుకుంది.

జులై 10, బుధవారం

మళ్లీ.

పావని ఉద్దేశంలో తప్పు గ్రాఫిక్స్ డ్రైవరుది. నిద్ర లేచాక తెరకి బొమ్మ అందించేది అదేనట. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఆజ్ఞలు రాయించింది నా చేత. నేర్చుకుంటే మంచిదని నేనే అడిగాను. ప్రతి ఆజ్ఞకీ పాస్‌వర్డ్ అడిగింది. అడగాలి. ఎవరు పడితే వాళ్లు ఆజ్ఞలిస్తే ఎలా? కానీ పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద ఏమీ కనిపించలేదు.

"రాసింది కనిపించకపోతే రాసినట్టు ఎలా తెలుస్తుంది?"

"దానికి తెలుస్తుంది మామ్మా."

"నాకు తెలియద్దా?"

సగంలో పడుకుంది. పావని నన్ను లేవమని, తను కూర్చుని చేసింది. ఒక్కసారి కూడా పడుకోలేదు. పెద్దవాళ్లంటే దానికి కూడా లోకువేమో.

మోకాలు ఎలా ఉందో గమనిస్తున్నాను. ఇంకా చెప్పలేం. కొన్ని రోజులు చూడమన్నాడు కదా.

జులై 13, శనివారం

ఇవ్వాళ గొడవ అయింది. వివరంగా రాస్తాను.

భోజనాలయ్యాక మా అబ్బాయి శివరామకృష్ణ వరండాలో కుర్చీలో కూర్చుని, కంప్యూటరు ఒళ్లో పెట్టుకుని లోడు లెక్క చూడబోయాడు. పడుకుంది. నొక్కాడు, లేచింది, పడుకుంది.

"పావనీ! ఏంటే ఇది?"

"చూస్తున్నాను నాన్నా."

"చూస్తూనే ఉన్నావు. పనివాడు ఇలా పడుకుంటే మర్నాటికి మాన్పించేస్తాం."

"విండోస్ ఉన్నప్పుడు అది తెరుచుకునేలోపు నువ్వు తోటంతా చుట్టొచ్చేవాడివి."

"తెరుచుకునేది కదా!"

అసలు సంగతి కంప్యూటరు కాదు. పావనికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. దానికి వెళ్లాలని లేదు. బయటి రాష్ట్రాల ఆర్డర్లు తనకి అప్పగించమంటోంది. ఫోటోలు పెట్టి, లెక్కలు పెట్టి, నాగపూర్ నుంచి ఇండోర్ దాకా తనే మాట్లాడతానంటోంది. మా ఇంట్లో ఆడపిల్లలు మొక్కలకి నీళ్లు పెట్టారు, అంట్లు కట్టారు, నేను లెక్కలు రాశాను. లారీ వాళ్లతో, సేట్లతో మాట్లాడింది మాత్రం ఎప్పుడూ మగవాళ్లే.

"ఒక్క కంప్యూటర్ని నిద్ర లేపలేవు. రేపు లారీ డ్రైవర్లని ఏం లేపుతావు?" అన్నాడు కృష్ణ.

"వాళ్లకి బటన్ ఉండదు నాన్నా, అదొక్కటే కష్టం."

కోడలు సత్యవేణి నవ్వింది. కృష్ణ నవ్వలేదు. చివరికి ఒక ఒప్పందం అయింది. ఇరవై అయిదో తేదీన నాగపూర్ సేటు వస్తున్నాడు. ఆయన ముందు ఈ కంప్యూటరు పడుకోకుండా లెక్కంతా చూపించాలి. చూపిస్తే ఆర్డర్లు పావనివి. లేకపోతే మర్నాడే ఉద్యోగం వాళ్లకి వస్తున్నానని రాసెయ్యాలి.

"ఈలోపు బాగయిందో లేదో అమ్మ చెప్తుంది. అమ్మ అబద్ధం ఆడదు" అన్నాడు.

పావని నా వైపు చూసింది. నేను ఎవరి పక్షమూ కాదు.

కృష్ణ ఈ మధ్య నిటారుగా కూర్చుంటున్నాడు. నడుం నొప్పి మాట ఎత్తడం లేదు. తగ్గినట్టుంది, మంచిదే.

జులై 14, ఆదివారం

నేను ఎవరి పక్షమూ కాదు. అయితే హైదరాబాద్‌లో మంచినీళ్లు కూడా కొనుక్కోవాలట. ఊరికే రాసుకుంటున్నాను.

జులై 17, బుధవారం

తొలి ఏకాదశి. ఉపవాసం. పేలపిండి చేశాం.

పొద్దున పూజవగానే కూర్చున్నాను. మూడుసార్లు లేపాను, మూడుసార్లూ పడుకుంది. సత్యవేణి ప్రసాదం తెచ్చి పక్కన పెడుతూ, "ఇవ్వాళ విష్ణుమూర్తే పడుకుంటాడు కదండీ అత్తయ్యగారూ. ఆయన లేచేది కార్తీకంలోనే. దీన్నేం అంటాం?" అంది.

"ఆయనకి ఇరవై అయిదో తారీకున సేటు రావడం లేదు" అన్నాను.

పావని స్నేహితురాలు ఫిన్నీ భీమవరం నుంచి ఫోనులో సాయం చేస్తోంది. నిద్రలో రెండు రకాలున్నాయట, కలత నిద్ర, గాఢ నిద్ర. ఏది ఎంచుకోవాలో యంత్రానికి చెప్పాలట. రెండూ చెప్పి చూశారు. పావని చేతిలో రెండు నిద్రల్లోంచీ లేచింది. నేను కూర్చోగానే రెండు నిద్రల్లోకీ పోయింది.

"ఆంటీ, సారీ, మామ్మగారూ, మీరు ఏ కీ నొక్కుతున్నారో ఒకసారి చెప్తారా?" అంది ఫిన్నీ.

"అక్షరాలు ఎక్కడున్నాయో నాకు తెలుసమ్మా" అన్నాను.

వెనకాల పావని గుసగుసగా "కోప్పడుతుంది, వదిలెయ్యవే" అంది. వినబడింది.

జులై 19, శుక్రవారం

ఒక పరిశీలన. పావని ముట్టుకుంటే లేచి ఉంటుంది. సత్యవేణి దుమ్ము తుడుస్తూ పొరపాటున నొక్కితే లేచి ఉంటుంది. మొక్కలకి నీళ్లు పెట్టే మరిడమ్మ కూడా "ఏటండీ ఇది, నేను ముట్టుకోవచ్చా" అని ఒక్క వేలితో నొక్కింది. లేచి, చాలాసేపు ఉంది.

నేను కూర్చుంటే పడుకుంటుంది.

దీన్నిబట్టి తేలేది ఏమిటంటే యంత్రంలో నిలకడ లేదు.

పావని ఇవ్వాళ అన్నం సరిగా తినలేదు.

జులై 20, శనివారం

పావని తల పట్టుకుని కూర్చుంటే పక్కన కుర్చీ వేసుకున్నాను. పాఠం అర్థం కాని పిల్లలకి నేనెప్పుడూ చేసేది అదే, మొదటికి తీసుకెళ్లడం.

"డ్రైవర్లూ కెర్నలూ పక్కన పెట్టు. అసలు దీన్ని పడుకోబెట్టే కారణాలు ఏవేవి? ఒక్కొక్కటే చెప్పు."

"ఊరికే వదిలేస్తే కాసేపటికి పడుకుంటుంది."

"నేను వదిలెయ్యడం లేదు. రాస్తున్నాను. తర్వాత?"

"బటన్ నొక్కితే."

"ఒకసారే నొక్కుతున్నాను. తర్వాత?"

"మూత మూస్తే. అది కాదులే, మూత తెరిచే ఉంది కదా. మూసి రాయవు కదా నువ్వు."

"మూత మూసినట్టు దానికి ఎలా తెలుస్తుంది?"

"పైమూతలో చిన్న అయస్కాంతం ఉంటుంది మామ్మా. కింద, ఇదిగో, ఎడమ చెయ్యి ఆనించే చోట దాన్ని పసిగట్టే చిప్ ఉంటుంది. అయస్కాంతం దగ్గరికొస్తే మూత మూశారనుకుని పడుకుంటుంది. అంతే. అది బానే పని చేస్తోంది."

అంతే అంది.

నాకు పెరట్లో పని గుర్తొచ్చి లేచి వెళ్లాను.

రాత్రికి పావని పాత కెర్నల్ వేసి చూస్తానంది, లినక్స్‌కి అదే గుండెకాయట. వేసుకోమన్నాను.

అయస్కాంతమట.

జులై 21, ఆదివారం. గురు పౌర్ణమి

పాత విద్యార్థులు ఫోన్లు చేశారు. ఒకడు, ఇప్పుడు విశాఖలో ఇంజనీరు, "మీరు ఇనుప రజను కాగితం మీద పోసి చెప్పిన అయస్కాంత పాఠం నా పిల్లలకి ఇప్పటికీ చెప్తుంటానండి టీచర్" అన్నాడు. సగంలోనే ఫోను పెట్టేశాను. ఆనందం పట్టలేక అనుకుని ఉంటాడు.

అందరూ గుడికి వెళ్లినప్పుడు తలుపు దగ్గరగా వేసి ఈ ప్రయోగం చేశాను.

ఉద్దేశము: కంప్యూటరు నిద్రకు కారణము కనుగొనుట.

కావలసిన పరికరములు: లాప్‌టాప్, పిన్నీసు, ఒక వస్తువు.

పద్ధతి: ముందుగా పిన్నీసును ఆ వస్తువు దగ్గర ఉంచితిని. ఎగిరి వచ్చి అంటుకొనెను. తరువాత ఆ వస్తువు ఉన్న ఎడమ చేతిని యథాస్థానమున ఆనించితిని. నిద్రించెను. ఆ వస్తువును తీసి, అదే చేతిని, అదే చోట ఆనించితిని. నిద్రించలేదు. మరల, మరల చేసితిని. ఫలితములో మార్పు లేదు.

నిర్ధారణ:

నిర్ధారణ తర్వాత రాస్తాను. గేటు చప్పుడవుతోంది.

జులై 22, సోమవారం

వస్తువు వంటింట్లో ఆవకాయ జాడీ వెనక ఉంది.

ఉదయం నుంచి సాయంత్రం దాకా రాశాను. పడుకోలేదు. పొమ్మంటే పోయి, రమ్మంటే వచ్చింది.

"చూశావా మామ్మా! పాత కెర్నల్! నేను అనుకుంటూనే ఉన్నాను!" అని పావని నన్ను పట్టుకుని గిరగిర తిప్పింది. మోకాలు కలుక్కుమంది.

కృష్ణ వచ్చి "నిజమేనా అమ్మా?" అని అడిగాడు. "పని చేస్తోంది" అన్నాను. అది నిజమే. ఎందుకు అని వాడు అడగలేదు. అడగని ప్రశ్నకి సమాధానం రాయకూడదని నేనే చెప్పేదాన్ని పరీక్షల్లో.

మోకాలు వస్తువు ఉన్నప్పుడు ఎలా ఉందో తీసేశాకా అలాగే ఉంది.

జులై 23, మంగళవారం

ఇరుగుపొరుగు నర్సరీల వాళ్లకి సత్యవేణి చెప్పేసింది, మా పావని బాగు చేసిందని. లోవమ్మ గారు వచ్చి పావనిని మెచ్చుకుని, పోతూ పోతూ నా చేతి వైపు చూసి "తీసేశారేంటండీ?" అని పెద్దగా అడిగారు.

"గాజులండీ, కడగడానికి" అన్నాను.

అబద్ధం ఆడదట అమ్మ.

జులై 24, బుధవారం

ఇవ్వాళ ఒక ఘోరం తెలిసింది. పావని తన పరిష్కారాన్ని ఇంటర్నెట్‌లో లినక్స్ వాళ్లు మాట్లాడుకునే చోట పెట్టింది. ఈ మోడల్ లాప్‌టాప్ నిద్ర లేవకపోతే పాత కెర్నల్ వేసుకోండి అని. ఎక్కడెక్కడి వాళ్లో ధన్యవాదాలు చెప్తున్నారు. ఎవరో బ్రెజిల్ దేశస్థుడు తనూ వేసుకుంటున్నానన్నాడు.

తప్పు నిర్ధారణ. నా ఇంట్లోంచి, నా వల్ల, బ్రెజిల్ దాకా.

మా మనవరాలు ఇంట్లో ఉండాలని నాకేం లేదు. కానీ తప్పు నిర్ధారణ మీద ఉండకూడదు.

రేపు సేటు వెళ్లాక చెప్తాను. లేకపోతే ఆదివారం. ఆదివారం అందరికీ తీరిక.

జులై 25, గురువారం

ఇవ్వాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

సేటు పొద్దున్నే వచ్చాడు. వానలో తోటంతా తిరిగి, బురద కాళ్లు కడుక్కుని వరండాలో కూర్చున్నాడు. సత్యవేణి కాఫీ, పూతరేకులు తెచ్చింది. నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. మూత మూశాను, తెరిచాను, లేపాను. ముందు బెంచీ పిల్లలా ప్రవర్తించింది. నాగపూర్‌కి ఇప్పటిదాకా వెళ్లిన మొక్కలు, చచ్చినవి, బదులు పంపినవి, అన్నీ చూపించాం. సేటు సంతోషంగా తల ఊపాడు. పావని నా కుర్చీ వెనక నిలబడి ఊపిరి బిగబట్టింది. నా జడకి తెలుస్తూనే ఉంది.

"ఏదీ, ఇలా తే అమ్మా" అని కృష్ణ లాప్‌టాప్‌ని తన ఒళ్లోకి తీసుకున్నాడు. "ఈ వరస ఏంటి, రాయల్ పామ్ ఎన్ని..."

పడుకుంది.

నొక్కాడు. లేచింది. కాసేపటికి పడుకుంది. సేటు మర్యాదగా వాన వైపు చూశాడు.

కృష్ణ కోప్పడలేదు. కోప్పడినా బావుండేది. మెల్లిగా "సరేలే తల్లీ. నీ ప్రయత్నం నువ్వు చేశావు. రేపు ఆ హైదరాబాద్ వాళ్లకి రాసెయ్" అన్నాడు. పావని "సరే నాన్నా" అంది. అంతే. ఒక్క ఎదురు మాట లేదు. ఆ పిల్ల ఎదురు మాట లేకుండా సరే అనడం అది పుట్టాక నేను వినలేదు. దాన్ని నేనే పెంచాను, నాకు తెలియదా?

నా వస్తువు ఆవకాయ జాడీ వెనకే ఉంది. ఇందులో నా తప్పేం లేదు. నేను కూర్చున్నంతసేపూ బానే ఉంది కదా. నోరు మూసుకుంటే ఎవరూ ఏమీ అనరు.

కానీ మూత తెరిచి ఉండగా దాన్ని పడుకోబెట్టేది నాకు తెలిసి ఒక్కటే.

లేచి వంటింట్లోకి వెళ్లాను. "ఎక్కడికమ్మా?" అన్నాడు కృష్ణ. జాడీ వెనక చెయ్యి పెట్టాను. తీసుకొచ్చి, కంప్యూటరు బల్ల మీద పెట్టించి, పావనిని లేపమన్నాను. లేపింది. కంకణాన్ని ఎడమ పక్కన ఉంచాను. అందరం చూస్తూ ఉన్నాం. పడుకుంది. తీశాను. లేపమన్నాను. లేచి, లేచే ఉంది.

పావని నోరు తెరిచింది. "ఏంటి మామ్మా అది?"

"అయస్కాంత కంకణం. మోకాళ్లకి. ఇన్నాళ్లూ నా చేతికి ఉంది. నీ కెర్నల్‌ది ఏ తప్పూ లేదు, ఏ గొప్పా లేదు."

సత్యవేణి పళ్లెం బల్ల మీద పెట్టేసింది. "మీరాండీ అత్తయ్యగారూ? మా పుట్టింటి వాళ్లు అయస్కాంతం పరుపు కొంటే వారం రోజులు పాఠం చెప్పారు కదండీ!"

"చెప్పాను. ఆ పాఠం ఇప్పటికీ నిజమే. ఇప్పుడు అది కాదు ప్రశ్న. నా కంకణం వంటింట్లో ఉంది. మరి వీడి ఒళ్లో ఎందుకు పడుకుంది? ఫలితం అదే అయితే కారణం కూడా అదే అయ్యుండాలి. కృష్ణా, లేచి నిలబడు."

నెరిసిన మీసాలతో లేచి నిలబడ్డాడు. హైస్కూల్లో వాడూ నా క్లాసులోనే చదివాడు.

"చొక్కా పైకెత్తు."

"అమ్మా, సేటు గారున్నారు."

"ఉండనీ."

బనీను మీద, నడుం చుట్టూ, అరచెయ్యంత వెడల్పు నల్ల బెల్టు. ముందు వైపు వరసగా గుండ్రటి బిళ్లలు. వాడు విప్పుతుంటే ఆ పట్టీ చర్రుమని శబ్దం చేసింది. పిన్నీసు పెట్టి చూపించక్కర్లేదు, బల్ల మీది చెంచా దానంతటదే వెళ్లి అంటుకుంది.

"ఎక్కడ కొన్నావు?"

"రాజమండ్రిలో. లారీ కాగితాల పని మీద వెళ్లినప్పుడు... ఊరికే చూద్దామని వెనక వరసలో కూర్చున్నానమ్మా."

"రక్తంలో ఇనుము?"

"అంటుకునే రూపంలో ఉండదు. నువ్వే చెప్పావు."

"చెప్పినా కొన్నావు."

"నువ్వూ చెప్పావు, నువ్వూ కొన్నావు కదమ్మా."

ఈ తర్కంలో లోపం నాకు కనిపించలేదు.

సేటుకి అర్థం కాక అందరి మొహాలూ చూస్తుంటే పావని హిందీలో మొదటి నుంచి చెప్పింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగాక ఆ మండపం ఎక్కడుందని అడిగాడు, వాళ్లావిడకి మోకాళ్ల నొప్పులట. పావని అడ్రసు చెప్పకుండా, నవ్వుతూనే, నూరువరహాల మొక్కలు ఈసారి రెండు రంగులు కలిపి తీసుకోమని, లోడులో ఖాళీ మిగలకుండా ఉంటుందని ఒప్పించేసింది. మాటల మధ్యలో ఎప్పుడు ఒప్పించిందో సేటుకే తెలియలేదు. మాకూ తెలియలేదు.

"ఈ ఆర్డరు ఎవరి పేరున రాయను?" అని అడిగాను.

కృష్ణ చొక్కా సర్దుకుంటూ ఉన్నాడు. ఎవరి వైపూ చూడలేదు.

"పావని పేరున రాయమ్మా" అన్నాడు.

రాశాను. కంప్యూటరు పడుకోలేదు.

జులై 26, శుక్రవారం

పావని హైదరాబాద్ వాళ్లకి రానని రాసింది. ఉత్తరం మర్యాదగా ఉంది. ఒక వాక్యం నేను దిద్దాను.

ఇంటర్నెట్‌లో పెట్టిన తప్పు సమాధానం తీయించాను. కొత్తది రాయించాను. దాని మొదటి ప్రతిలో "మా మామ్మ దొంగతనంగా వేసుకున్న కంకణం" అని ఉంది. "అనుభవజ్ఞురాలైన ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని క్రమబద్ధమైన ప్రయోగం ద్వారా కనుగొన్నారు" అని మార్పించాను. రెండూ నిజమే కదా మామ్మా అంది. రెండూ నిజమైనప్పుడు పొడుగైనది రాయాలి అన్నాను.

బ్రెజిల్ ఆయన చేతికి కూడా అదే ఉందట. వాళ్లావిడ కొనిపెట్టిందట.

కృష్ణ బెల్టుని సత్యవేణి ఫ్రిజ్ మీద తగిలించి గరిటెలు అంటించుకుంటోంది. మంచి ఉపయోగం. వాడు మళ్లీ కుర్చీలో వంగి కూర్చుని నడుం పట్టుకుంటున్నాడు. నాలుగడుగులు నడవమన్నాను. ఇద్దరం వాన తెరిపిచ్చాక కాలవ గట్టు దాకా వెళ్లి వచ్చాం. మోకాలు కాస్త నయం. నడక వల్లే అనుకుంటాను, ఇంకా కొన్ని రోజులు చూసి గాని రాయకూడదు.

ఇరవై ఒకటో తేదీన ఖాళీ వదిలిన నిర్ధారణ పూర్తి చేశాను.

ఆరో తేదీ పద్దులో "ఇతరములు" అన్నది కొట్టేసి, దాని పైన స్పష్టంగా రాశాను: బోధనోపకరణములు.